పది లక్షల తొమ్మిది

ఆ ప్రెస్సులో అంకెల పుస్తకమొస్తే ఒకరు రాతప్రతి పైకి చదవాలి, ఇంకొకరు ప్రూఫు చూడాలి. రెండూ సరిపోతే టిక్కు. అసలు లెక్కే తప్పయితే? అది చూడ్డం ఎవరి పనీ కాదట! ప్రూఫులు చూసే ఆవిడకి మాత్రం ఆ నిమ్మళం లేదు. పట్టిన పట్టు విడవని ఘటం.

ఆ ఉదయం ఏకంగా మెషినే ఆపించింది.

"పది లక్షల తొమ్మిది ప్రధాన సంఖ్య కాదండీ. ఈ పట్టికలో ఉండకూడదు," అంది.

యజమానికి ఒళ్ళు మండింది. "మాస్టారు పదకొండేళ్ళు కూర్చుని కట్టిన పట్టికమ్మా ఇది! దేంతో భాగమవుతుందో చెప్పు."

"అది తెలీదు. వెయ్యి వర్గం, మూడు వర్గం కలిపితే ఇదే వస్తుంది. తొమ్మిది వందల డెబ్భై రెండు వర్గం, రెండు వందల ముప్ఫై అయిదు వర్గం కలిపినా ఇదే. ఇలా రెండు రకాలుగా వచ్చేది ప్రధాన సంఖ్య కాదని బళ్ళో మా లెక్కల టీచరు చెప్పారు."

"నా తల తినకు. మాస్టారొచ్చేలోగా ఆ భాగించేదేదో చూపించు. లేదా రేపట్నించి రాకు."

ఆవిడ పెన్సిలు చెక్కుకుంది. రెండు, మూడు, అయిదు చూడగానే పోయాయి. ఏడుతో మొదలుపెట్టింది. శేషం. పదకొండు, శేషం. వందకి చేరేసరికి వేళ్ళు పీకాయి. రెండు వందలు దాటాక ఏడుపొచ్చింది, ముక్కు చీదుకుని మళ్ళీ భాగించింది. యాభై తొమ్మిదో భాగహారం రెండు వందల తొంభై మూడుతో. భాగఫలం మూడు వేల నాలుగు వందల పదమూడు, శేషం సున్నా!

అప్పుడే మాస్టారొచ్చారు. "నా పట్టికలో తప్పా?" అని గద్దించి, తనే గుణించి చూసుకున్నారు. ఒకసారి కాదు, మూడుసార్లు. గొంతు తగ్గిపోయింది.

"ఈ ఒక్కటీ కొట్టేస్తే సరిపోతుందా అమ్మాయ్?"

అవునంటే ఆయన నిశ్చింతగా ఇంటికెళ్ళేవారు. ఆవిడ ఆయన చంకలోని లెక్కల నోటుబుక్కు తీసుకుని తెరిచింది. దేంతో భాగించి చూడాలో ఆ ప్రధాన సంఖ్యల వరస ఒక పేజీ అడుగున రెండు వందల ఎనభై మూడుతో ఆగింది. పేజీ తిప్పితే మూడు వందల ఏడు.

"మధ్యలో రెండు వందల తొంభై మూడు జారిపోయింది మాస్టారూ. దేన్నీ దాంతో భాగించి చూడలేదు. పట్టికంతా మళ్ళీ చూడాలి."

ఆయన మొహం పాలిపోయింది. ఆవిడ మాత్రం మాట వెనక్కి తీసుకోలేదు.

యజమాని గడియారం చూసుకున్నాడు. "పోనీ ఇలాగే వేసేద్దాం మాస్టారూ. ఎవడు చూడొచ్చాడు?"

మాస్టారు ప్రూఫుల కట్ట మొత్తం తన ఒళ్ళోకి లాక్కున్నారు.

"ఈవిడ చూసిందిగా! ముందు నా పక్కన ఈవిడకో కుర్చీ వేయించండి."