మూడో కంప్లెయింట్

తలుపు తీసిన పెద్దావిడ జడక్కను పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి, "ముచ్చటగా మూడోసారి వచ్చావమ్మా. ఈసారి దుప్పటీ దిండూ కూడా తెచ్చుకోవాల్సింది" అంది.

జడక్క నవ్వబోయి మానుకుంది. ఆమె వాషింగ్ మెషిన్లు బాగుచేసే మెకానిక్. వైర్లను జడ అల్లినంత పొందికగా కట్టేస్తుందని షాపులో వాళ్ళు పెట్టిన పేరది. పొద్దున షాపు యజమాని ఆ పేరు కూడా వాడలేదు. "ఒకే ఇంటి నుంచి మూడో కంప్లెయింట్. ఇవాళ తేల్చకపోతే రేపట్నుంచి ఆ సామాన్ల సంచి ఇక్కడ పెట్టేసి, కౌంటర్లో కూర్చుని ఫోన్లు ఎత్తు" అన్నాడు, తలెత్తకుండా.

కౌంటరంటే కడుపులో చల్ల కదలకుండా చేసుకునే ఉద్యోగం. ఎండలేదు, బరువులు జరిపేదిలేదు. దానికోసం కాచుక్కూచున్నవాళ్ళున్నారు. జడక్కకు మాత్రం ఆ మాట మింగుడుపడలేదు. స్క్రూడ్రైవర్ పట్టుకోవడం ఆమె నలభయ్యో ఏట నేర్చుకుంది. ఆగిపోయిన డ్రమ్ము తన చేతిమీద మళ్ళీ తిరిగితే కలిగే సంతోషం ఆమెకు ఇంకెక్కడా దొరకలేదు. దాన్ని వదులుకోమంటే ఎలా?

ఆ ఇంట్లో ఐదునెలల కవలలు. ఒకడు పాలు కక్కితే, నేనేం తక్కువ తిన్నానా అని రెండోవాడు పక్క తడిపేస్తాడు. వాళ్ళమ్మ మళ్ళీ ఉద్యోగంలో చేరితే, నాన్న సెలవుపెట్టి ఇంట్లో ఉన్నాడు. అతనికి సాయానికొచ్చిన అత్తగారే ఈ పెద్దావిడ. కుర్చీల మీద, కిటికీ ఊచల మీద, తలుపు గడియకు కూడా చిన్నచిన్న బట్టలే ఆరుతున్నాయి. అల్లుడు బాత్రూంలో బకెట్ ముందునుంచి లేచి, నానిపోయిన చేతులు చొక్కాకు తుడుచుకుంటూ వచ్చాడు.

"అక్కా, ఇంక మీదే భారం. నాలుగురోజులుగా నేనే వాషింగ్ మెషిన్ని."

"మెషినైతే నయం. అల్లుడుగారు ఉతికితే బట్టకి నీళ్ళు తెలుస్తాయిగానీ సబ్బు తెలీదు" అంది అత్తగారు.

మొదటిసారి తప్పు ఎలుకది. వెనకనుంచి దూరి, మోటారుకు వెళ్ళే వైర్లను కొరికిపారేసింది. జడక్క ఆ ముక్కలు తీసేసి కొత్త వైర్లు వేసింది. అతుకులకు తొడుగులేసి, అన్నిటినీ కట్టగా కట్టి, మెషిన్ లోపలి గోడకు బిగించింది. వారం తిరక్కుండానే మెషిన్ నీళ్ళు పిండే వేళకు ఆగిపోయింది. రెండోసారి వచ్చి ఖాళీ డ్రమ్ము తిప్పిచూస్తే శుభ్రంగా తిరిగింది. తప్పంతా ప్లగ్గుదని తేల్చి, అది మార్చి వెళ్ళింది. కథ మళ్ళీ మొదటికొచ్చింది.

ఇప్పుడు ప్లగ్గు పీకి, మెషిన్ని గోడనుంచి జరిపి, వెనకరేకు విప్పింది. లోపల తను కట్టిన కట్ట ఎలా కట్టింది అలాగే ఉంది. ఒక్క వైరు పక్కకు తొంగిచూడలేదు. ఆ స్థితిలోనూ తన పనిచూసి తనకే ముచ్చటేసింది. మీటరు తీసి ఒక్కో వైరుకు రెండుకొసలా తాకించింది. వైరు తెగకుండా ఉంటే మీటరు కుయ్యిమంటుంది. మొదటిది కుయ్యిమంది. రెండోదీ అంది. మూడోదీ అంది. అన్నీ బాగానే ఉన్నాయి, మెషిన్ మాత్రం నడవదు.  జడక్కకు కౌంటరు కళ్ళముందు కనిపించింది.

"మళ్ళీ ఎలుకేనా?" అంటూ పెద్దావిడ ఒక మనవణ్ణి భుజాన వేసుకుని వంగి, ఊతానికి లోపలి డ్రమ్ముమీద చెయ్యేసింది. స్ప్రింగులకు వేలాడే డ్రమ్ము కాస్త ఊగింది. చివరి వైరుకు ఇంకా తాకించే ఉన్న మీటరు కూత ఆగింది. మళ్ళీ వచ్చింది.

జడక్క చటుక్కున తలెత్తింది. "అమ్మగారూ, ఇంకోసారి నెట్టండి."

"ఏం, నేనేమైనా పాడుచేశానా?"

"లేదండీ, బాగుచేస్తున్నారు. నెట్టండి."

డ్రమ్ము ఊగినప్పుడల్లా కూత తెగిపోతోంది. జడక్క కట్టు కోసి, ఆ వైరును వేళ్ళమధ్య వంచిచూసింది. పైతోలుకు గీతైనా పడలేదు. చీల్చిచూస్తే లోపల రాగిపోగులు తెగి, కొసలు ఒకదాన్నొకటి తాకీతాకకుండా ఉన్నాయి. ఆమెకు అంతా అర్థమైపోయింది. మోటారు డ్రమ్ముతోపాటే ఊగుతుంది. తడిబట్టల బరువుతో తిరిగేటప్పుడు మరీ ఊగుతుంది. కదలడానికి చోటులేకుండా తను బిగించేసింది కాబట్టి, ఆ ఊపంతా ఒక్కచోటే లాగి పోగులు తెంపింది. ఖాళీ డ్రమ్ము అంత ఊగదు కాబట్టి పోయినసారి బయటపడలేదు.

"ఎలుకే కదూ? నేను ముందే అన్నాను" అంది పెద్దావిడ.

అవునంటే సరిపోయేది. ఎలుక వచ్చి సాక్ష్యం చెప్పదు. షాపులోనూ నమ్ముతారు, సంచీ తన భుజాననే ఉంటుంది. జడక్క తెగిన వైరును కాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చుంది. 

"కాదమ్మా. ఎలుక కొరికింది ఒక్కసారే. తర్వాత రెండుసార్లూ నా చేతి తప్పే. అందంగా ఉండాలని మరీ బిగించేశాను."

పెద్దావిడ ఏదో గట్టిగా అనబోయింది. అంతలో ఆమె చెయ్యి మనవడి వీపు మీదికి పోయింది. "చిన్నప్పుడు మా అమ్మాయికి నేనూ అలాగే బిగించి జడేసేదాన్ని. నుదురు లాగేస్తోందమ్మా అని రోజూ ఏడ్చేది. బాగుందా లేదా అనే చూశాగానీ దాని ఏడుపు వినలేదు" అంది. తర్వాత గొంతు సర్దుకుని, "కానీ మరి, ఈసారి కాస్త వదులుగా కట్టు" అంది.

జడక్క ఈసారి జానెడు పొడుగు ఎక్కువే వైరు తీసుకుంది. అతుకులు వేసి, తొడుగులు తొడిగి, డ్రమ్ము ఎటు ఊగినా అందేటట్టు కిందికి వేలాడనిచ్చి, రెండుచోట్ల మాత్రం మెత్తగా కట్టింది. ఎలుక దూరిన సందుకు సన్నచిల్లుల రేకు కొట్టింది. చూడబోతే ఆ వైర్లు నిద్రలేచినవాడి జుట్టులా ఉన్నాయి. చెయ్యి సర్దబోయింది, ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఖాళీగా వద్దు. ఉన్న బట్టలన్నీ వెయ్యండి" అంది.

గంటసేపు మెషిన్ ముందు అందరూ పెళ్ళిచూపుల్లో కూచున్నట్టు కూచున్నారు. పిండే వేళయింది. డ్రమ్ము ఊగింది, ఊగుతూ వేగమందుకుంది, మెషినంతా అదిరింది. జడక్క గుండె దానికంటే ఎక్కువ అదిరింది. చివరిదాకా తిరిగి, తనంతట తనే నెమ్మదించి ఆగింది. అల్లుడు తలుపుతీసి ఒక చిన్నచొక్కా పైకి లాగి, "చుక్క నీళ్ళు లేవత్తయ్యగారూ!" అని కేకపెట్టాడు. ఆ కేకకి కవలలిద్దరూ ఏడుపందుకున్నారు.

జడక్క వరండాలోకి వెళ్ళి యజమానికి ఫోన్ చేసి, ఏదీ దాచకుండా చెప్పింది. అంతా విని అతను అడిగాడు:

"అలా బిగించి ఎన్ని మెషిన్లకు కట్టావ్?"

ఆమె వేళ్ళమీద లెక్కపెట్టుకుంది. "పదకొండండీ."

"రేపట్నుంచి ఒక్కో ఇంటికీ వెళ్ళి వదులు చేసి రా. వాళ్ళు ఫోన్ చేసేదాకా ఆగకు."

"మరి కౌంటరు..."

"కౌంటర్లో కూర్చుని పదకొండిళ్ళకెలా వెళ్తావ్?" అని కసురుకున్నాడు.

జడక్క సంచిని గుండెకు హత్తుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అంతలో ఏదో గుర్తొచ్చి నాలిక్కరుచుకుంది.

"పదకొండు కాదండీ, పన్నెండు."

"ఇంకోటి ఎవరింట్లో?"

"మా ఇంట్లో."