బుర్జి అయిన ఆట

రాట్నం తిరుగుతూనే ఉంది. దేవవ్వ ఎడమచేతి వేళ్ల సందునుంచి నూలు జారి కండెకు చుట్టుకుంటోంది. పోగులో ముడి తగిలితే చాలు, ఆ చెయ్యి దాన్ని గిల్లి పారేస్తుంది. కళ్లతో చూడాల్సిన పని కూడా లేదు. ఇరవై ఏళ్లుగా ఇదే పని. వేళ్లు కాయలు కాచాయి, నడుము పట్టేసింది. మగ్గం గుంటలో కూర్చున్న పెనిమిటి అంబదాస్‌కు మాత్రం కండెలు ఎప్పుడూ చాలవు.

మధ్యాహ్నం దాటగానే ఆమె రాట్నం ఆపి లేచింది.

"ఏమాయె, పాణం మంచిగ లేదా?" అన్నాడు అంబదాస్.

"మంచిగనే ఉంది. సుల్తాన్ ఆపా పోతుంది గద."

సుల్తాన్ బీ పక్కింటిది, దేవవ్వ ఆపా అని పిలుచుకునే అక్కలాంటిది. ఆమె భర్త అజీముద్దీన్‌కు కాగజ్‌నగర్ మిల్లులో పని దొరికింది. సాయంత్రం బస్సుకు ప్రయాణం. సిరిసిల్ల నేతవాడలో చదరంగమంటే ఈ ఇద్దరాడవాళ్లదే. మీసాలు మెలేసుకుంటూ వచ్చిన మగవాళ్లు ఎందరో వాళ్ల ముందు పరువు పోగొట్టుకుని లేచారు. అయితే పదేళ్లలో దేవవ్వ ఒక్కసారైనా సుల్తాన్ బీని గెలవలేదు. ఇవాళ గెలవకపోతే ఇక లేనట్టే.

సామానంతా మూటలు కట్టేసిన సుల్తాన్ బీ ఇంటి వసారాలో, బండమీద సుద్దతో గీసిన గళ్లముందు ఇద్దరూ కూర్చున్నారు. మంత్రులు పోయాయి, గుర్రాలు పోయాయి. ఇరుకున పడ్డప్పుడల్లా సుల్తాన్ బీ పాన్ నమలడం ఆపేసేది. ఎండ వసారాలోకి సగందాకా వచ్చింది. చివరికి ఆమెకు రాజు, ఒక్క బంటు మిగిలాయి. దేవవ్వకు రాజు, రెండు ఏనుగులు. ఇంకో రెండెత్తుల్లో ఆట కట్టు.

ఒక్కటే జాగ్రత్త. వాళ్ల ఆటలో ఎదుటి మనిషికి రాజొక్కడే మిగిలితే బుర్జి. అంటే ఎవరూ గెలవనట్టు. ఆట కట్టేదాకా ఆ బంటును బతకనివ్వాలి. ఈ సంగతి దేవవ్వకు తెలియనిది కాదు.

"జల్దీ రా, బస్సు పోతది!" వీధిలోంచి అజీముద్దీన్ కేకేశాడు.

దేవవ్వ అలిసిన కళ్లు ఒక్క క్షణం మూతపడ్డాయి. దారికి అడ్డంగా ఉన్న బంటు ఆ చేతికి పోగులో ముడిలా తోచిందో ఏమో, ఏనుగును జరిపి, బంటును గిల్లి పక్కన పడేసింది.

"నా చేతులిరగ! ఎంత పని జేస్తి ఆపా!"

"బుర్జి అయిపాయె," అంది సుల్తాన్ బీ. ఆమె నవ్వలేదు. "నేను ఓడిపోయిన్ననే అనుకున్న దేవవ్వా. గిన్నేండ్లల్ల ఎవ్వరు నన్ను గింత పరేషాన్ చెయ్యలే."

"ఇంకొక్క ఆట ఆడుదమా?"

"బస్సు ఆగుతదా?"

చదరంగం కాయలు గుడ్డసంచిలో వేసుకుని, బుర్ఖా సర్దుకుని, దేవవ్వ చెంప నిమిరి సుల్తాన్ బీ మెట్లు దిగింది. బస్సు పోయిన చప్పుడు వాడదాకా వినిపించింది.

గెలుపు చేజారినందుకు కాదు, రేపటినుంచి తనతో పట్టుబట్టి ఆడే మనిషి లేనందుకు దేవవ్వకు దుఃఖం వచ్చింది. గళ్లు చెరిపేద్దామని చీపురు పట్టుకుని వంగి, అలాగే ఆగిపోయింది. సుల్తాన్ బీ ఒక్క కాయ వదిలిపోయింది. మరిచిపోయే మనిషి కాదామె. ఇక ఆ సంచిలోని కాయలతో కాగజ్‌నగర్‌లో ఎవరితోనూ ఆట సాగదు.

ఆఖరి ఎత్తులో ఉన్న గడిలోనే, రంగు వెలిసిన సుల్తాన్ బీ చెక్కరాజు నిలబడి ఉంది.