కూర్చుని విన్న పాటలు

“కుట్టు మిషన్ వంటింట్లకు జరుపుకో. గీ ముందటి అర్ర నాకు గావాలె,” అన్నాడు ఆశీర్వాదం, అన్నం కలుపుతూ.

సాయవ్వ జాకెట్టుకు హుక్కులు కుడుతోంది. తల ఎత్తలేదు. సూదిలో దారం అయిపోతే ఇంకో పోగు తడిపి ఎక్కించుకుంది. ఎందుకని అడగాల్సిన పని లేదు. ఆయనే చెబుతాడు. పెళ్లయినప్పటి నుంచి ఆయన చెబుతూనే ఉన్నాడు, ఆమె కుడుతూనే ఉంది.

“గోదారి గిటార్‌కు మల్ల రోజులొచ్చినయే. అనిల్ కుమార్ అని కరీంనగర్ పిలగాడు, పాత పాటల మీద వీడియోలు చేస్తడట. ఆదివారం వస్తుండు. సుధాకర్ అద్దాల బీరువ ఇస్తనన్నడు. రికార్డు, గిటార్, ఫోటోలు, అన్నీ గిక్కడ పెడుతం. మంది చూడనీకి వస్తరు.”

గోదారి గిటార్ అంటే 1969లో వచ్చిన రికార్డు. అప్పుడు ఆశీర్వాదం మంథని చర్చిలో గిటార్ వాయించే పడుచువాడు. స్నేహితులు సుధాకర్, కరుణాకర్‌లతో మద్రాసు పోయి పది ప్రేమపాటలు పాడి వచ్చాడు. అందులో ‘గడపల నిలిచిన పిల్లా’ అనే పాట రేడియోలో వచ్చింది. పెండ్లి పందిళ్లలో మైకుసెట్ల మీద మోగింది. ఆ ఒక్క ఏడాదే. ఆ తర్వాత ఆయన ఇంకో పాట చేయలేదు. ఇంకో పని కూడా చేయలేదు. కళాకారుడు కదా!

మంథని నుంచి వాళ్లు మకాం మార్చిన ఈ జమ్మికుంట ఇంటికి కాపురానికి వచ్చిన వారంలోనే అత్త దేవవ్వ చెప్పింది: “నా కొడుకు చేతులు తీగల మీద ఆడే చేతులు. వానికి నీళ్ల బిందె అందియ్యకు.” సాయవ్వ అందియ్యలేదు. నీళ్లు తనే మోసింది, కట్టెలు తనే కొట్టింది, ముందటి గదిలో కిటికీ పక్కన మిషన్ వేసుకుని ఊరి జాకెట్లన్నీ తనే కుట్టింది. ఈ ఇంటికి బజారు వైపు ఉన్నది ఆ ఒక్క కిటికీయే. ఆ వెలుతురులోనే కొడుకు చదివాడు, ఇంటి మీద రేకులు పోయి స్లాబు పడింది, ఆశీర్వాదం గిటార్‌కు కొత్త తీగలు వచ్చాయి. ఇప్పుడు ఆమె కళ్లకు ఆ వెలుతురు ఉంటేనే సూది బెజ్జం కనబడుతుంది. వంటింట్లో పగలు కూడా బల్బు వేసుకోవాలి. పెండ్లిపిల్ల జాకెట్టుకు పోపు వాసన పడితే ఎవరు తొడుక్కుంటారు? కొలతలు ఇయ్యడానికి ఆడవాళ్లు ఇల్లంతా దాటి పొయ్యి దాకా వస్తారా? మిషన్ అక్కడికి పోతే నెల తిరక్కుండానే ఆగిపోతుంది. ఆ సంగతి ఆయనకు తెలియదని కాదు. పట్టదు, అంతే.

“నాకు చీకటి అయితది,” అంది.

“డెబ్బై దాటినంక ఇంకేం కుడుతవే? బంద్ చేయరాదా?”

“మరి తినుడు?”

“గవన్ని దేవుడు చూసుకుంటడు. నువ్వు ఫికర్ చెయ్యకు.”

ఇన్నాళ్లూ చూసుకున్న దేవుడు ఎవరో ఆయన అడుగలేదు. చెయ్యి కడుక్కుని, ఎంగిలి పళ్లెం అక్కడే వదిలేసి లేచాడు.

ఆ రాత్రికల్లా ఆమె మిషన్ జరిపేసి ఉండేదేమో. అట్లా చాలా జరిపింది. కానీ జరపడానికి ముందు ఒక సంగతి తట్టింది. ఆ పది పాటల కోసం ఇంత చాకిరీ చేసింది కదా, వాటిలో ఒక్కటైనా మొదటి నుంచి చివరి దాకా విన్నదా? లేదు. ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక సుధాకర్, కరుణాకర్ వచ్చేవాళ్లు. రికార్డు తిరిగేది. ఆమె వంటింట్లో ఉండేది. ఒక లైను చెవిన పడేది, అంతలో స్టవ్ బుస్సుమనేది. ఇంకో లైను వచ్చేది, “మంచినీళ్లు తేవే!” అని కేక. సుధాకర్ కళ్లు తుడుచుకునేవాడు. తన పెండ్లాం దవాఖానాలో పడి ఉన్న నెలలో కూడా ఇక్కడే కూర్చుని పాటలో పిల్ల కోసం ఏడ్చాడు. ఒకసారి సాయవ్వ గడపలో ఆగి వినబోతే ఆశీర్వాదం నవ్వాడు. “నీకు పాటలేం తెలుస్తయే? నీకు కత్తెర తెలుస్తది.” అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది. లోపల ఏదో గొప్పది ఉందనీ, అది తనకు అందదు గనుకనే తను బయట ఉందనీ నమ్మింది.

మనుమరాలు రెబెకాను పిలిచింది. “బిడ్డా, తాత పాటలు ఫోన్ల వచ్చినయన్నవు గద, పెట్టు.”

మధ్యాహ్నం పూట తలుపు దగ్గరేసి, కాళ్లు చాపుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చేతులకు పని లేకపోతే ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

మొదటి పాటలో పిల్ల గడపలో నిలబడి ఎదురు చూస్తోంది. రెండో పాటలో బావి కాడ ఎదురు చూస్తోంది. మూడో దాంట్లో అలిగింది, నాలుగో దాంట్లో అలక తీరింది, మళ్లీ ఎదురు చూడబోయింది. ఒక పాటలో ఆ పిల్ల చేతులు వెన్నముద్దలట. సాయవ్వ కత్తెర పట్టి కాయలు కాసిన బొటనవేలు చూసుకుంది. ఇంకో పాటలో ఆ పిల్ల లేకుంటే ఆయన సచ్చిపోతాడట. నిక్షేపంగా ఉన్నాడు. పది పాటల్లో ఏ పిల్లా ఒక్క మాట మాట్లాడలేదు. అడిగేది ఆయనే, జవాబు చెప్పుకునేది ఆయనే. ఈ ఇంట్లో కాపురం నడిచిన తీరే.

ఆ పది అయిపోయాక ఫోన్ దానంతట అదే ఆనాటి వేరే హిట్ పాటలు పెట్టింది. అవి పాడినవాళ్ల గొంతులు బాగున్నాయి. ఒక దానికి సాయవ్వ తల కూడా ఊగింది. కానీ వాటిల్లోనూ అదే పిల్ల, అదే గడప.

“ఏందే బిడ్డా, ఆ ఏడాది ఆడోళ్లంత గడపలల్లనే నిలబడ్డరా? మరి నాట్లేసింది ఎవలు?”

రెబెకా పడీ పడీ నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి, “తాత అడిగితే మంచిగున్నయని చెప్పు నానమ్మా. పాపం, ముసలోడు,” అంది.

“నేను పడుచుదాన్నానే?”

కోపం రాలేదు. పట్టుబట్ట అని చెప్పి అంటగట్టిన గుడ్డను ఇంటికొచ్చి వెలుతురులో చూసినట్టుగా ఉంది. ఇంతేనా? దీని కోసమా ఆయన బిందె ఎత్తంది? మిషన్‌ను అంగుళం కూడా జరపలేదు.

ఆదివారం అనిల్ కుమార్ ఫోన్‌ను స్టాండుకు బిగించాడు. ఆశీర్వాదం తెల్ల చొక్కా వేసుకుని, జుట్టుకు నల్లరంగు పూసుకుని కూర్చున్నాడు. సాయవ్వ కిటికీ పక్కన కుడుతోంది.

“ఇంక జరుపలేదా?” అని పళ్ల మధ్య నుంచి అన్నాడు.

అనిల్ ఆమె వైపు తిరిగాడు. “అమ్మా, ఆ గడపల నిలిచిన పిల్ల మీరేనట గద? జర రెండు ముచ్చట్లు చెప్పుండ్రి.”

“ఆమెకేం తెలుస్తది తమ్మీ! నా పాటలంటే పాణమిస్తది, గంతే,” అన్నాడు ఆశీర్వాదం.

“గా పాట వచ్చినప్పుడు నేను ఈయన మొకం కూడ చూడలే బిడ్డా,” అంది సాయవ్వ. “పెండ్లి రెండేండ్లకు అయింది. గడపల నిలబడనీకి నాకు టైం ఎప్పుడు దొరికింది?”

అప్పుడే సుధాకర్, కరుణాకర్ అద్దాల బీరువా ఎత్తుకుని గుమ్మం దాకా వచ్చారు. బీరువా పెట్టాల్సిన చోట మిషన్ ఉంది. “వదినా, బరువైతుంది. జర జరుగు,” అన్నాడు కరుణాకర్, వగరుస్తూ.

ఆమె కదలలేదు. “మొన్ననే మొదటిసారి విన్న. కూసోని, పదికి పది విన్న. మంచిగ లేవు.”

బీరువాలో అద్దం గలగలమంది.

“పది మందిల నా ఇజ్జత్ తీస్తవా?” ఆశీర్వాదం గొంతు కీచుమంది.

“వదినా, చేతులు పోతున్నయి! ఏడ దించుమంటవు?” అన్నాడు కరుణాకర్.

“వాకిట్ల దించుండ్రి. ఈ ఇంట్ల పని చేసే మనిషి ఒక్కతే. గా మనిషి గిక్కడ కూసుంటది.”

వాళ్లు ఆశీర్వాదం మొహం చూశారు, ఆమె మొహం చూశారు, వెనక్కి నడిచి బీరువాను వాకిట్లో దించారు. అనిల్ ఫోన్ ఆపబోయి ఆగాడు.

“తీసెయ్యి తమ్మీ, గీ ముచ్చట తీసెయ్యి,” అన్నాడు ఆశీర్వాదం.

అనిల్ ఆయనను చూడలేదు. “అమ్మా, మీరు చెప్పుండ్రి. తియ్యాల్నా, ఉంచాల్నా?”

“ఉంచు,” అంది సాయవ్వ, బట్టను సూది కిందికి తోస్తూ.