ఎదుటి చేతులు

ఇస్త్రీ రోలరు కింద నుంచి వేడిగా జారివస్తున్న దుప్పటిని పిన్ని రెండు మూలలూ దొరకబుచ్చుకుని వెనక్కి నడిచింది. ఎదురుగా వదిన మిగిలిన రెండు మూలలూ అందుకుంది. దుప్పటి ఇద్దరి మధ్యా ఒక్కసారి పొంగి, చదునైంది. పిన్ని కుడిచేతిని కాస్త లాగింది. ఇద్దరూ ముందుకు నడిచి, చేతులు కలిపి, మూలలు మార్చుకుని, మళ్ళీ వెనక్కి నడిచారు.

ఈ పనిలో వారికి మాటల అవసరం ఎన్నడో తీరిపోయింది. గుడ్డను లాగే తీరే వారి భాష. చిన్న లాగు మడతకు. గట్టి లాగు తిరగవేయడానికి. గుడ్డ వదులైతే మాత్రం కోపమని అర్థం. ఇద్దరికీ మాటా మాటా వచ్చిన రోజున దుప్పట్లన్నీ నడుము దగ్గర సంచుల్లా వేలాడేవి. మర్నాటికి మళ్ళీ బిగిసేవి.

ఇవాళ పొద్దుటి నుంచీ దుప్పట్లు వదులుగానే ఉన్నాయి.

'మొదలుపెట్టింది మహాతల్లి' అనుకుంది పిన్ని.

ఆ లాండ్రీ పెద్దది. హోటళ్ళ దుప్పట్లు, ఆసుపత్రుల దుప్పట్లు, విందుబల్లల మీద పరిచే గుడ్డలు అన్నీ అక్కడికి వచ్చి, ఉడికి, రోలర్ల కింద చదునై, చివరకు ఈ మడతల హాలుకు చేరేవి. హాలు పొడుగ్గా ఉండేది. ఆవిరికి గోడల రంగు పొలుసులుగా లేచి, చేయి తగిలితే రాలేది. అంత హాలులోనూ కూర్చోవడానికి ఒక పీట కూడా లేదు. కూర్చుంటే చేతులు మందగిస్తాయని యాజమాన్యం నమ్మకం. టీ వేళ కూడా ఆడవాళ్ళు గోడకు వీపు ఆనించి, నిలబడే తాగేవారు.

పిన్ని పొట్టి మనిషి. మెడ దాదాపు లేదనే చెప్పాలి. ముంజేతులు మాత్రం బరువులెత్తేవాడి ముంజేతుల్లా ఉండేవి. వేళ్ళ కొనలు వేడికి నునుపెక్కి, వాటి మీది గీతలు చెరిగిపోయాయి. పెళ్ళయిన కొత్తలో నానబెట్టే తొట్ల దగ్గర చేరింది. కొడుకు పుట్టాక పిండే యంత్రం దగ్గరకు, భర్త నడుము విరిగి మంచం పట్టాక మడతలకు మారింది. కొడుక్కి పెళ్ళి చేసి, కోడలిని ఇదే లాండ్రీలో ప్యాకింగ్ గదిలో పెట్టించింది. ఆమె బతుకులో చెప్పుకోదగ్గ విశేషమంటూ ఏదీ జరగలేదు, కిందటి సంవత్సరం వరకు.

కిందటి సంవత్సరం కోడలు ఒక టీ వేళ సెల్‌ఫోనును సబ్బు డబ్బాకు ఆనించి, అత్తగారు దుప్పటి మడవడం వీడియో తీసింది. దానికి 'మడతల పిన్ని' అని పేరు పెట్టి లోకం మీదకు వదిలింది. లోకానికి ఏమి తోచిందో గాని విరగబడి చూసింది. దుప్పటి గాలిలో పొంగి చదునవుతుంటే తమ మనసులు కూడా చదునవుతున్నాయని ఎవరెవరో రాశారు. చూసేవారు వేలై, లక్షలయ్యారు. ఫోను ఎప్పుడూ వదిన భుజం వెనక నిలబడేది. కాబట్టి బొమ్మలో పిన్ని నిండుగా కనిపించేది, వదినవి చేతులు మాత్రమే, మణికట్ల వరకు, ఓ అంచున. ఒంటిచేత్తో ఎవరూ అంత దుప్పటి మడవలేరన్న సంగతి ఆ లక్షల మందిలో ఎందరికి తట్టిందో చెప్పడం కష్టం.

నాటి నుంచి పిన్నికి లోకం మీద అనుమానం పట్టుకుంది. 'ఏమ్మా, ఇటు రా' అనే సూపర్‌వైజరు 'పిన్నిగారూ' అనసాగాడు. ఆ 'గారు' వినబడినప్పుడల్లా ఆమె కొంగు సర్దుకుని, వెనక్కి తిరిగి చూసేది, ఇంకెవరినైనా పిలుస్తున్నాడేమోనని. ఒక ఉదయం ఆమె నిలబడే వైపున ఒక టేబుల్ ఫ్యాను వెలిసింది. ఆమె అడగలేదు. అడగకుండా వచ్చిన ఫ్యాను గాలి ఆమెకు హాయిగా కాక, ఎవరో చెవి దగ్గర నిలబడి ఊదుతున్నట్టు అనిపించేది. ఊరికే నవ్విన మనిషి వెనక ఏదో ఒక పని దాగి ఉంటుందని ఆమెకు ఏనాడో తెలుసు. లక్షల మంది ఊరికే నవ్వుతున్నారంటే ఎంత పని దాగి ఉందో!

ఇప్పుడు ఆమె అనుమానించే వారి వరుసలో వదిన కూడా చేరింది. పిన్నిని బాధపెట్టినది అదే.

వదిన పొడగరి, ఎముకల మనిషి. వేడి తగలకుండా వేళ్ళ కొనలకు గుడ్డపేలికలు చుట్టుకునేది. ఇద్దరికీ చుట్టరికం లేదు. ఒకరినొకరు వదినా అని పిలుచుకోవడంతోనే చుట్టాలయ్యారు. కొన్నాళ్ళుగా ఆమె పాదాలు చెప్పుల పట్టీల మీదుగా పొంగుతున్నాయి. నాలుగడుగులు వేస్తే రొప్పు వస్తోంది. సూపర్‌వైజరును ఒక స్టూలు అడిగింది. "నీకిస్తే అందరికీ ఇవ్వాలి" అన్నాడు. మళ్ళీ అడిగితే, "కష్టంగా ఉంటే ఇంట్లోనే కూర్చో" అన్నాడు.

టీ వేళ ఇద్దరూ గోడకు ఆనుకున్నారు.

"వదినా, ఇవాళేదో ఫోనులో లైవట కదా?" అంది వదిన.

"అట. నా ప్రాణానికి."

"ఒక్క మాట అనకూడదూ? ఇక్కడ కూర్చోడానికి ఏమీ ఉండదండీ అని. అంతే. నా పేరు కూడా చెప్పొద్దు."

"నేనంటే ఎవరు వింటారే? ఇంట్లో మీ అన్నయ్యే వినడు."

"అన్నయ్య మాట పక్కన పెట్టు. వీళ్ళు వింటారు. నువ్విప్పుడు మాలాంటిదానివి కాదు."

పిన్ని చివ్వున తల తిప్పింది. "అంటే? నాకేమైనా కొమ్ములు మొలిచాయా? నీ పక్కనే నిలబడి, నీతో పాటే చెమటలు కక్కుతున్నానుగా. జనం చూసినంత మాత్రాన గొప్పదాన్నయిపోతానా? రోడ్డు మీద కోతిని ఆడిస్తే దాన్నీ చూస్తారు."

"చూస్తే చూశారు. కోతికి అరటిపండు దొరుకుతుంది కదా, వదినా" అంది వదిన, నవ్వుతూనే. నవ్వు మధ్యలో రొప్పు వచ్చింది. "నాకు పండు కూడా వద్దు. ఒక స్టూలు చాలు."

పిన్ని నవ్వలేదు. ఆమె ఆలోచన ఇంకొక దారిన పోతోంది. ఇన్నేళ్ళలో ఏమీ అడగని మనిషి ఇవాళే ఎందుకు అడుగుతోంది? బొమ్మలో తన ముఖం రావడం లేదన్న ఉక్రోషమా? లేక సూపర్‌వైజరే ఈమెను పంపి, తాను ఏమంటుందో కనిపెట్టమన్నాడా? తానొక మాట జారితే పోయేది తన కొలువు ఒక్కటే కాదు, కోడలిది కూడా. మంచం మీద ఒకడున్నాడు. ఆ సంగతి ఈమెకు తెలియదా? తెలిసీ అడుగుతోందంటే ఏమనుకోవాలి?

"చూద్దాంలే" అంది.

టీ గ్లాసులు కడుగుతుండగా సూపర్‌వైజరు వచ్చాడు. "పిన్నిగారూ, ఇవాళ ఓనరుగారు కూడా చూస్తారట. కాస్త సరదాగా మాట్లాడండి."

"సరదాగా అంటే ఎలా బాబూ?"

"అంటే... మంచిగా" అన్నాడతను. అని, వదిన వైపు ఒకసారి చూసి వెళ్ళాడు. ఆ చూపుతో పిన్ని అనుమానానికి మరొక ముడి పడింది.

మధ్యాహ్నం కోడలు ఫోను నిలబెట్టింది. "అత్తయ్యా, మొదలైంది. నవ్వండి."

"అందరికీ నమస్కారమండీ" అంది పిన్ని, పరాయి గొంతుతో. పెద్ద దుప్పటి అందుకుంది. అది పొంగింది గాని చదునవలేదు. అవతలి వైపు జారిపోతోంది. పిన్ని చిన్నగా లాగింది. అటు నుంచి జవాబు ఆలస్యంగా, నీళ్ళలో నుంచి వచ్చినట్టు వచ్చింది. 'లక్షల మంది ముందు నా పరువు తీయాలని!' అనుకుంది. ముఖం మీద నవ్వు మాత్రం చెదరనీయలేదు.

కోడలు ఫోనులోకి తొంగిచూసి చదివింది. "అత్తయ్యా, రోజంతా నిలబడే చేస్తారా అని అడుగుతున్నారు."

వదిన తలెత్తింది. గుమ్మం దగ్గర సూపర్‌వైజరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అలవాటైపోయిందండీ" అంది పిన్ని. "అసలు నిలబడితేనే ఒంటికి మంచిది. నన్ను చూడండి, గుండ్రాయిలా లేనూ?"

కోడలు కిలకిలా నవ్వింది. సూపర్‌వైజరు తల పంకించి వెళ్ళిపోయాడు. దుప్పటి పూర్తిగా వదులైపోయింది. పిన్ని ఒళ్ళు మండి గట్టిగా లాగింది. ఆ లాగుకు వదిన, తానుగా నడిచినట్టు కాక, గుడ్డ ఈడ్చుకువచ్చినట్టు రెండడుగులు ముందుకు వచ్చింది. చేతులు కలిశాయి. వదిన వేళ్ళు వేడి గుడ్డను పట్టుకుని కూడా చల్లగా ఉన్నాయి. పిన్నికి అది తెలిసింది; తెలిసి కూడా మూలలు లాక్కుని మడత పూర్తి చేసింది.

"ఉంటానండీ" అని ఫోనుకు దండం పెట్టింది.

"వదినా, కాస్త ఆనుకుంటా" అంది వదిన.

"ఆనుకో. ఎవరొద్దన్నారు?" అంది పిన్ని, అటు చూడకుండా.

వదిన మడత బల్ల అంచును పట్టుకుని, దుప్పట్లు తెచ్చే ట్రాలీ వెనక్కి నడిచింది. కోడలు ఫోనులో ఒక్కొక్కటే చదువుతోంది. "మీ నవ్వు బాగుందట... మా అమ్మ గుర్తొచ్చిందట... అయ్యో, ఇది చూడండి. 'ఎదుటి చేతులు వణుకుతున్నాయి. ఆవిడ ఎవరు? ముందు ఆవిడను కూర్చోబెట్టండి.' దీని కిందే చాలామంది రాస్తున్నారు అత్తయ్యా."

పిన్ని పెదవి విరిచింది. "చూశావా నటన? నేను అడగనన్నానని తనే అడిగించుకుంది."

రోలరు ఇంకొక దుప్పటిని కక్కింది. పిన్ని తన రెండు మూలలూ పట్టుకుని వెనక్కి నడిచింది. అవతలి మూలలు నేల మీద పడ్డాయి.

"వదినా, ఇక చాల్లే అలక. రా."

దుప్పటిని బల్ల మీద పడేసి, పిన్ని ట్రాలీ చుట్టూ తిరిగి వెళ్ళింది. మడతలు కాని దుప్పట్ల కుప్ప మీద వదిన కూర్చుని ఉంది. ఆ హాలులో ఆమె కూర్చోవడం ఎవరైనా చూసింది అదే మొదటిసారి. తల ఒక పక్కకు వాలింది. కళ్ళు సగం తెరిచి, ఎవరి మీదా ఫిర్యాదు లేనట్టున్నాయి. పిన్ని ఆమె చేయి పట్టుకుని, అలవాటు కొద్దీ చిన్నగా లాగింది. చేయి ఎంత లాగితే అంత వచ్చింది. తిరిగి లాగలేదు.

కోడలి కేక విని సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. వచ్చీరాగానే, "లైవ్ ఆపేశారు కదా?" అన్నాడు. తరువాతనే ఆమె నాడి చూసి, తల అడ్డంగా ఊపాడు. కంపెనీ వ్యాను వచ్చింది. వదినను ఆమె మడిచిన దుప్పట్లలోనే ఒకదాని మీద మోసుకుపోయారు. నలుగురు నాలుగు మూలలు పట్టుకున్నారు. దుప్పటి నడుము దగ్గర సంచిలా వేలాడింది.

"పిన్నిగారూ, మీరు నిలబడకండి. వణుకుతున్నారు" అన్నాడు సూపర్‌వైజరు. ఎవరికో సైగ చేశాడు. ఆఫీసు గదిలో నుంచి మెత్త కుట్టిన కుర్చీ ఒకటి, చక్రాల మీద దొర్లుకుంటూ, మడతల హాలులోకి వచ్చింది.

పిన్ని దానివంక చూసింది. చుట్టూ చూసింది. "ఎవరికి బాబూ ఇది?"

"మీకేనండీ."

"నేను అడగలేదే."

కోడలు భుజం పట్టి కూర్చోబెట్టబోయింది. పిన్ని ఆ చేతిని విడిపించుకుని, బల్లకు అవతలి వైపుకు, వదిన రోజూ నిలబడే చోటికి వెళ్ళి నిలబడింది. ఇన్నేళ్ళలో ఆ వైపు నుంచి ఆమె హాలును చూడలేదు. అక్కడికి ఫ్యాను గాలి రావడం లేదు.

బల్ల అంచు మీద, వేడి తగలకుండా వదిన వేళ్ళకు చుట్టుకునే గుడ్డపేలికలు, వేళ్ళ నుంచి ఒక్కొక్కటే ఊడదీసి వరుసగా పెట్టినవి, ఇంకా గుండ్రంగా, వేళ్ళు లోపలే ఉన్నట్టు నిలబడి ఉన్నాయి.