కార్జం అడిగిన కోడలు

పేగుల నుంచి వచ్చే నెత్తురు కాలేయంలోకి వెళ్లి శుభ్రపడాలి. ఊర్మిల చిన్నప్పుడు ఆ దారి పూడుకుపోయి నెత్తురు కక్కుకుంటే, డాక్టర్లు కడుపు కోసి పక్కదారి వేశారు. ప్రాణమైతే నిలిచింది గానీ నెత్తురు కాలేయం ముఖం చూడటమే మానేసింది. పెళ్లయిన ఏడాదికి ఆ మలినమంతా తలకెక్కడం మొదలైంది. మాంసం తిన్న మర్నాడల్లా మత్తు, చేతుల వణుకు, మాట తడబాటు. అత్తగారి ఊరు ఎర్రబోరులో జనానికింకేం కావాలి? కోడలు విప్పసారా తాగుతోందన్నారు.

జగదల్‌పూర్‌లో డాక్టరు అసలు సంగతి పట్టుకున్నాడు. ఆ పక్కదారి మూసి, మెడలోని నరం ముక్కతో నెత్తురును మళ్లీ కాలేయంలోకి పంపిస్తే మనిషి మామూలవుతుందనీ, దానికి రాయ్‌పూర్ వెళ్లాలనీ హిందీలో చెప్పాడు. భర్త దుర్గేశ్ అప్పుడు మందుల దుకాణం దగ్గరున్నాడు. అత్త భద్రమ్మకు వచ్చింది సంత హిందీ. నరం మూస్తామని డాక్టరన్నదాంట్లో ఆమె చెవిన పడ్డవి రెండే మాటలు: "నస్ బంద్".

"ఒక్క పిల్ల పుట్టకముందే నస్‌బందీ చేస్తరంట! పిల్లలు కాకుండ కోస్తరంట! ఏంది ఈ అన్యాయం? నడువుండ్రి ఇంటికి!"

దుర్గేశ్ వచ్చేసరికి డాక్టరు ఆపరేషన్ గదిలోకి వెళ్లిపోయాడు. తల్లికి ఎదురు చెప్పిన పాపాన అతనెప్పుడూ పోలేదు.

బస్సులో అత్తకూ కిటికీ ఊచలకూ మధ్య ఇరుక్కుని కూర్చుంది ఊర్మిల. సుక్మా హాస్టల్లో చదివిన పిల్ల, డాక్టరు మాట ప్రతిదీ అర్థమైంది. అది నస్‌బందీ కాదని అరవాలనుంది. లోపల సిద్ధంగా ఉన్న మాట నాలుక దగ్గరకొచ్చేసరికి మాయమైపోతోంది. బస్సు తోంగ్‌పాల్ దాటింది. బతికుండగానే గోనెసంచిలో వేసి మూతి కుట్టేసినట్టుంది. భయంతో ఏడుపొచ్చింది.

సుక్మా దగ్గర బలమంతా కూడదీసుకుని, కాలేయానికి ఇంట్లో వాడే మాట ఒక్కటి అంది. "కార్జం."

భద్రమ్మ ముఖం విప్పారింది. "నా తల్లే! ఎన్నాళ్లకు నోరు తెరిచి అడిగినవే! కార్జం తింటవా?"

"నాది... కార్జం..."

"నీదేనే బిడ్డా. అంత నీకే. ఎవ్వరికీ పెట్టను."

ఇంటికి రాగానే మేక కార్జం తెప్పించి, మిరియాలు దంచి వేసి తనే వండింది భద్రమ్మ. ముద్ద కలిపి నోటికందించింది. ఆమె ప్రేమను కాదనడానికి లేదు. కానీ అది లోపలికి పోతే రేపటికి ఈ కాస్త తెలివీ ఉండదని ఊర్మిలకు తెలుసు. పళ్లు బిగించింది. "తిను తల్లీ, నువ్వడిగిందే," అని అత్త బుగ్గలు నొక్కింది.

ఊర్మిల గిన్నెలోంచి పెద్ద ముక్క తీసింది. చీర పక్కకు తోసి, కుడి పక్కటెముకల కింద పాత కోత దగ్గర అదిమి పట్టుకుంది.

"నస్," అంది. ఇంకా గట్టిగా అదిమి, "నస్," అంది.

"పిచ్చి ముదిరిందిరో!" భద్రమ్మ లబోదిబోమంది. దుర్గేశ్ మాత్రం ఆ ముక్కనే చూస్తూ లేచాడు.

"ఆగమ్మా. డాక్టరు మూస్తనన్నది... కార్జం కాడి నరమా?"

ఊర్మిల తల ఊపింది. ఊపుతూనే ఉంది.

భద్రమ్మ చేతిలోని ముద్ద గిన్నెలో పడింది. "పిల్లలు కాకుండ కోసేది కాదా? ఇంత సంగతుంటే బస్సులనే చెప్పొద్దానె?"

బస్సులోనే చెప్పింది పాపం.