బంతికి అవతలి పక్క

నేను అద్దాలు బిగించేవాణ్ణి. ముఖం చూసుకునే అద్దాలు కాదు, షాపుల ముందూ బాల్కనీల చుట్టూ ఉండే నిలువెత్తు గాజు పలకలు. పలకకి ఒక పక్క నేను, రెండో పక్క నా బావమరిది. నా పెళ్ళయినప్పటి నుంచీ ఇదే జోడీ. గాజులోంచి వాడి ముఖం చూసినంతగా నేను ఇంకెవరి ముఖమూ చూసి ఉండను. మా పనిలో నియమం ఒక్కటే. అవతలివాడు పలకని పట్టుకుని, బరువు తన చేతుల్లోకి వచ్చాక "వదులు" అనాలి. ఆ మాట వినపడేదాకా దోమ కుట్టినా, ఫోను మోగినా, ఆకాశం విరిగి మీద పడినా చేతులు తియ్యకూడదు. ఆ సంగతి నాకంటే ముందు నా చేతులకి తెలుసు.

యాభై దగ్గరపడేసరికి నా భుజాలు చెవుల పక్కకి చేరుకున్నాయి. దించుదామంటే దిగవు. నిద్రలో కూడా అలాగే ఉంటాయట.

డాక్టరు ఎక్స్‌రే ఎత్తి చూసి, "ఎముకలు లక్షణంగా ఉన్నాయి. మీరేదో మోస్తున్నారు," అన్నాడు.

"గాజు పలకలండీ."

"ఇప్పుడు మొయ్యట్లేదుగా. మరి ఇప్పుడెందుకు పైకున్నాయి?"

దానికి ఆయన దగ్గర మందు లేదు. ఒక చిరునామా చెప్పి పంపించాడు.

ఫర్నిచర్ దుకాణం పైన పొడుగాటి హాలు. అక్కడ ఆదివారం పొద్దున్న చీగాంగ్ నేర్పుతారు. చైనావాళ్ళ పాత సాధన అది. మెల్లగా కదలాలి, అంతకంటే మెల్లగా ఊపిరి తియ్యాలి. చివరికొచ్చేసరికి కళ్ళు మూసుకుని ఏమీ చెయ్యకుండా ఉండాలి. దాన్ని దావో ధ్యానం అంటారు. నేర్పేవాడు బ్యాంకులో రిటైరైన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. మామూలుగా మాట్లాడేటప్పుడు కూడా ఒంటికాలి మీదే నిలబడతాడు గనక అందరూ ఆయన్ని కొంగ మాస్టారు అంటారు, ఆయన ముందే.

"మోకాళ్ళు కాస్త సడలించండి," అన్నాడాయన. "చేతులు గుండె ఎత్తుకి తెచ్చి, పెద్ద బంతిని కావలించుకున్నట్టు పట్టుకోండి. నొక్కద్దు, జారనివ్వద్దు. అంతే, ఇంకేం చెయ్యద్దు."

చుట్టూ ఉన్నవాళ్ళు బంతిని ఊహించుకోవడానికి నానా తంటాలు పడుతున్నారు. నాకా బాధ లేదు. కనపడని వస్తువుని జాగ్రత్తగా పట్టుకోవడమే నా బతుకుతెరువు. కాసేపటికే బంతి నా చేతుల్లోకి వచ్చేసింది. గోరువెచ్చగా ఉంది. నిద్రపోతున్న పిల్లి పొట్టలా ఉబ్బుతోంది, తగ్గుతోంది. ఎవరి ఇంటికి చేర్చాలో రాసిన చీటీ దాని మీద లేదు. నా చేతుల్లోకి అలాంటి వస్తువు రావడం అదే మొదలు.

"దీన్ని దించడానికి ఒక పద్ధతుంది," అన్నాడు మాస్టారు. "దించకుండా మాత్రం ఎవరూ..."

ఆయన ఫోను మోగింది. "పగిలిందా? వంటింట్లో పైపా? బకెట్టు పెట్టు! నీళ్ళు పడేచోట పెట్టవే, పక్కన కాదు!" ఆయన రెండు కాళ్ళూ నేలమీద ఆనడం అందరం అప్పుడే చూశాం. ఆయన మెట్లు దిగుతున్న చప్పుడు కూడా తొందరగానే ఆగిపోయింది.

మిగతావాళ్ళు చేతులు దులుపుకుని, చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయారు. నేను అలాగే నిలబడ్డాను. హాలు తాళం వేసే ముసలాయన ఫ్యాన్లన్నీ ఆపి, "అయిపోయింది నాయనా," అన్నాడు.

"నన్ను వదలమని ఎవరూ అనలేదండీ."

ఆయన నా వంక చూసి, నా చేతుల మధ్య చూసి, తలుపు రెండో రెక్క కూడా తెరిచాడు.

బస్సులో ఒకావిడ లేచి చోటిచ్చింది. "గాజా?" అంది.

"కాదండీ."

"మరేంటి?"

"ఇంకా తెలీదండీ."

"పగిలేదేనా?"

"అదే భయంగా ఉంది."

ఆవిడ నా స్టాపు వచ్చేదాకా సంచీ అడ్డం పెట్టి, "జరగండి, జరగండి, మనిషి చేతిలో సామానుంది, కళ్ళు కనపట్లేదా?" అని ఎక్కినవాళ్ళనల్లా కసురుతూ నిలబడింది. నేను పక్కకి తిరిగి దిగాను.

మోచేత్తో బెల్లు కొట్టాను. నా భార్య తలుపు తీసింది. తను కర్టెన్లు కుడుతుంది. కొలత టేపు మెడలోనే ఉంటుంది గానీ దాంతో పెద్దగా పని ఉండదు, కంటితోనే కొలిచేస్తుంది. నేను బిగించిన అద్దాలని తన గుడ్డ కప్పేసిన ఇళ్ళు చాలా ఉన్నాయి.

"భుజాలు దిగాయే!" అంది. తర్వాత, "ఆ చేతులేంటి?" అంది.

చెప్పాను. తను నవ్వుతుందనుకున్నాను. తలుపు ఇంకాస్త తెరిచి, నడవాలో కుర్చీని గోడవారకి జరిపింది. సరిగ్గా ఎంత జరపాలో అంతే.

హాల్లో గాజు బీరువా తలుపులో చూసుకున్నాను. నిజమే, దిగాయి. నా మెడ ఇంత పొడుగని నేను మర్చిపోయాను. అప్పుడు అసలు భయం పట్టుకుంది. బంతి చేతుల్లో ఉన్నంతసేపే భుజాలు కిందుంటాయేమో. రేపు పొద్దున్న మందుల షాపు ముందు పలక బిగించాలి, దానికి రెండు చేతులూ కావాలి. మాట అందకుండా వదిలితే బంతి పగులుతుంది. పగిలితే ఇంకోటి వస్తుందని ఏమిటి నమ్మకం? లేని వస్తువు పగలదని నా బుర్ర చెబుతూనే ఉంది. కానీ ఇన్నేళ్ళుగా నా జీతం సంపాదించింది బుర్ర కాదు.

మధ్యాహ్నం తను చెంచాతో తినిపించింది. బంతి మీద ఒలక్కుండా కింద పళ్ళెం పట్టుకుంది.

"మింగండి. నమలకుండా ఏంటా చూపులు?"

"నీకు విసుగ్గా లేదూ?"

"పని చేసుకునేవాళ్ళకి విసుగెక్కడిది? నోరు తెరవండి."

తర్వాత మాస్టారికి ఫోను చేసి నా చెవి దగ్గర పెట్టింది. అవతల నీళ్ళ హోరు.

"బంతా? ఏ బంతి?"

"పొద్దున్న మీరిచ్చింది మాస్టారూ."

"అయ్యో, అదా! అది ఊహండీ. వదిలెయ్యండి. ఇదిగో ప్లంబరు పిలుస్తున్నాడు."

ఫోను పెట్టేశాడు.

"వదిలెయ్యమన్నారుగా?" అంది నా భార్య.

"అవతలి పక్క ఆయన పట్టుకోలేదుగా. పట్టుకోకుండా అన్న మాట చెల్లదు."

తను తల ఊపింది. తమ్ముడికి కబురు పెట్టింది.

బావమరిది వేరుశెనగలు నములుతూ వచ్చాడు. "ఏంటి బావా, గాల్ని ఎత్తుకున్నావట? బస్సులో దానికి కూడా టికెట్టు కొట్టారా?"

"ఒకసారి అవతలి పక్క పట్టుకోరా."

"దేన్ని?"

"పట్టుకో, తెలుస్తుంది."

వాడు అక్క వంక చూశాడు. కిటికీ దగ్గరికెళ్ళి, ఎదురింటివాళ్ళు చూడకుండా కర్టెన్ లాగి వచ్చాడు. నా ఎదురుగా నిలబడి చేతులు చాపాడు. ఇన్నేళ్ళలో వాడి ముఖానికీ నా ముఖానికీ మధ్య గాజు లేకపోవడం ఇదే మొదలు. మా ఇద్దరికీ సిగ్గేసింది.

"పట్టుకున్నా. వదులు."

"అక్కడ కాదు, ఇంకా బయటికి. నీ చేతులు దాని లోపలున్నాయి."

"బావా, నాకు ఇంటి దగ్గర పనుంది!"

"ఒక చేతిలో వేరుశెనగలున్నాయి కదరా."

"లేనిదాన్ని పట్టుకోవడానికి రెండు చేతులెందుకు?" అని సోఫాలో కూలబడ్డాడు. "చూడు, రేపు పొద్దున్న నువ్వు రాకపోతే తాపీ పనివాణ్ణెవణ్ణో తీసుకుపోతాను. వాడు పలక పగలగొడతాడు. ఆ పాపం నీదే."

వాడు అన్నదాంట్లో తప్పు లేదు. ఇక వదిలేద్దామని నేనే నిర్ణయించుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. వేళ్ళు కదల్లేదు. వాటిని బతిమాలాను, అదిలించాను. భుజాలు కొద్దిగా పైకి లేవడం తెలిసింది.

"ఆగండి," అంది నా భార్య.

కుట్టుమిషను ముందునుంచి లేచి, వేళ్ళకంటిన దారప్పోగులు తీసేసుకుని వచ్చింది. పొద్దుటి నుంచీ ఆ బంతి చుట్టూ తిరిగిన మనిషి. దానికి చోటు చేసింది, దాని మీదుగా నాకు తినిపించింది. నా ఎదురుగా నిలబడి ఒక్కసారి ఎగాదిగా చూసింది. చేతులు చాపి సరిగ్గా దాని అంచు దగ్గర ఆపింది. నొక్కలేదు. అరచేతుల్లో వెచ్చదనం తగిలింది కాబోలు, కనుబొమలు పైకి లేచాయి.

తన ముఖాన్ని అంత దగ్గరగా, అంతసేపు, మధ్యలో ఇంకే పనీ లేకుండా నేనెప్పుడూ చూడలేదు. ఎడమ కంటి కింద చిన్న మచ్చ ఉంది. ఎప్పటిదో నాకు తెలీదు.

బరువు మెల్లగా తన వైపు వెళ్ళింది. పలక బరువు చేతులు మారేటప్పుడు ఎలా తెలుస్తుందో అలాగే తెలిసింది.

"పట్టుకున్నాను," అంది. "వదలండి."

నా చేతులు వాటంతటవే విడిపోయాయి. ఏమీ పగల్లేదు.

"అమ్మయ్య," అన్నాడు బావమరిది. "ఇక నువ్వు కూడా దించెయ్యక్కా."

తను వినలేదు. కళ్ళు సగం మూసుకుంది. మెడలోని టేపు ఊపిరితోబాటు పైకీ కిందకీ కదులుతోంది. కుర్చీలో వంగి వంగి గట్టిపడ్డ తన వీపు కొంచెం కొంచెంగా నిటారవుతోంది. ఈ ఇంట్లో తన భుజాల గురించి ఎవరూ ఏ డాక్టర్నీ అడగలేదని అప్పుడు తోచింది.

వంటింట్లో పాలు పొంగిన వాసన వచ్చింది. నేను పరుగెత్తి, ఖాళీ చేతులతో స్టవ్ ఆపాను, గట్టు తుడిచాను. తిరిగి వచ్చేసరికి ఫోను మోగుతోంది. కొంగ మాస్టారు.

"పైపు అతికిందండీ! ఇప్పుడు తీరికే. దించే పద్ధతి చెబుతాను, వింటారా?"

నేను తన వంక చూశాను. కళ్ళు తెరవకుండానే అంది:

"ఇప్పుడే వద్దని చెప్పండి."

"అక్కా, నువ్వు కూడానా!"

"నువ్వు ఇంటికి పోరా. మీ బావ రేపు వస్తారు."

వాడు పోయాడు. మాస్టార్ని తర్వాత చెయ్యమన్నాను. తన ఎదురుగా వెళ్ళి, అవతలి పక్క, అంచుకి తగలకుండా చేతులు చాపి నిలబడ్డాను. తనకి ఎప్పుడు బరువనిపిస్తే అప్పుడు అనడానికి "వదులు" అనే మాట నోట్లో సిద్ధంగా పెట్టుకున్నాను. తనకి తొందరున్నట్టు లేదు.