గుర్రానికి దండం

పోటీ నుంచి వచ్చిన దగ్గర్నుంచీ చెస్ బోర్డు మంచం కిందే ఉంది. మా అమ్మాయి ప్రీతిక దాన్ని ముట్టుకోవడం లేదు.

ఆ రోజు గెలిచే ఆటే. మోచెయ్యి తగిలి గుర్రం కింద పడింది, దానికి కాలు తగిలింది. తీసి దాని గడిలో పెట్టి, ఇంట్లో పుస్తకానికి కాలు తగిలితే చేసినట్టే, వేళ్ళతో తాకి కళ్ళకద్దుకుంది. ఎదుటి పిల్లాడు చెయ్యెత్తి జడ్జిని పిలిచాడు. తన వంతులో కావాలని తాకిన పావునే కదపాలట. గుర్రం కదిలింది, దాని వెనకున్న మంత్రి పోయింది.

"ఇది చెస్సా, కోవిలా? ఎవరు నేర్పారు నీకీ పూజలు?" అని కోచ్ శివరామన్ సార్ అందరి ముందూ అరిచాడు. గోడ నిండా కప్పులు చూసి ఆయన్ని ఎంచుకున్నది నేనే.

"చాల్లే, ఇంక యాడికీ పంపొద్దు," అన్నాడు మా ఆయన. ఎనిమిదో తరగతిలో నా చదువూ ఈ "చాల్లే"తోనే ఆగింది.

మా ఒర్లియంపేటలో ఇంకో కోచ్ ఇంటికి వెళ్తే, రేటింగ్ ఎంత అని అడిగి తలుపేసుకున్నాడు. ఎత్తులు తెలియని నేను మంచి కోచ్‌ని దేన్ని చూసి పోల్చుకోను?

విల్లియనూరులో ఇంకో కోచ్ ఉన్నాడని విని ప్రీతికని బస్సెక్కించాను.

"నేనాడనుమా."

"ఆడొద్దులే పాపా. ఊరికే చూసి వద్దాం."

ఎళిలరసన్ సార్ వరండా పిల్లలతో కిక్కిరిసి ఉంది. నేను జరిగిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

"బ్యాచ్‌లో చోటు లేదమ్మా."

"గడప బయట కూర్చుంటుంది సార్. కాదనకండి. ఇక్కడ కూడా కాదంటే ఇంక అది ఆడదు."

ఆయన బోర్డు పరిచి ప్రీతికని పిలిచారు.

"దండం పెట్టడం తప్పు కాదు. ముట్టుకునే ముందు 'అడ్జస్ట్' అనాలి, అంటే సర్దుతున్నానని, ఎదుటివాడికి వినబడేట్టు. ఆ తర్వాత దండమే పెట్టుకో, ముద్దే పెట్టుకో. కదపమని ఎవరూ అనరు."

"శివరామన్ సార్ ఇది చెప్పలేదే," అంది ప్రీతిక.

"నేను చెప్పాగా. ఏదీ, అను."

పెదవులు కదిలాయి.

"నాకు వినబడలేదు."

నేను కిటికీ ఊచ పట్టుకుని చూస్తున్నాను. దాని బదులు నేనే అరిచేద్దునా అనిపించింది. ఆయన తొందరపెట్టలేదు. పిల్లలెవరూ నవ్వలేదు.

"అడ్జస్ట్."

గుర్రాన్ని తాకి కళ్ళకద్దుకుంది. ఆయన ఒక బంటు జరిపారు.

"నీ వంతు."

ప్రీతిక నా వైపు చూడలేదు. బోర్డు మీదికి వంగింది.